చుక్కలున్న చోట కాస్త ఆగండి

తెలుగువారి ఇళ్ళల్లో వ్రతాలూ పెళ్ళిళ్ళూ గృహప్రవేశాలూ తద్దినాలూ చేయించే పురోహితులందరికీ విజయవాడ నుంచి ఒక గృహస్థు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా,

ఇది సంభావన గురించి రాస్తున్న ఉత్తరం కాదు. మంత్రాలు మింగేస్తున్నారని దెప్పడానికీ కాదు, మింగారో లేదో తెలిసేంత సంస్కృతం నాకు రాదు. అడిగేది చిన్న సంగతి. సంకల్పం చెప్పించేటప్పుడు కాస్త నెమ్మదించండి. మహా అయితే ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. రెండు నిమిషాల కోసం ఇంత పొడుగు ఉత్తరమా అంటారేమో. కొంచెం ఓపిక పట్టి చదవండి.

మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతకల్పం పుస్తకం ఒకటుంది. అట్ట ఎప్పుడో పోయింది. పేజీల నిండా పసుపు వేళ్ళ ముద్రలు, చివర్న హారతి కర్పూరం మసి. ధ్యానం దగ్గర్నుంచి వాయనం దాకా అందులో అన్నీ అచ్చయ్యాయి. ఒక్క సంకల్పం పేజీలో మాత్రం అక్కడక్కడా చుక్కలున్నాయి. ఫలానా నామ సంవత్సరం అన్నచోట చుక్కలు, అయనం దగ్గర చుక్కలు, తిథి దగ్గర, వారం దగ్గర, గోత్రం దగ్గర, పేరు దగ్గర చుక్కలు. మా ఆవిడ ఏటా శ్రావణంలో ఆ సంవత్సరం పేరు పెన్సిలుతో రాసుకుంటుంది, మరుసటి ఏడు చెరిపి కొత్తది రాస్తుంది. వికారి, శార్వరి, ప్లవ, శుభకృతు, శోభకృతు, క్రోధి, విశ్వావసు, ఇప్పుడు పరాభవ. చెరిపి చెరిపి ఆ చోట కాగితం ఉల్లిపొరలా పలచబడింది. వెలుతురుకి పట్టుకుంటే వెనక పేజీ అక్షరాలు కనిపిస్తాయి.

పుస్తకం అచ్చేసినవాడు అన్నీ అచ్చేయగలిగాడు గానీ ఇవాళ్టిని అచ్చేయలేకపోయాడు. దాన్ని మనమే పూరించుకోవాలి. నా గోలంతా ఆ చుక్కల గురించే.

సంకల్పంలో ఏముందో మీకు చెప్పేంతవాణ్ణి కాను. అయినా నాకు అర్థమైన మేరకు ఒకసారి అప్పజెబుతాను, తప్పులుంటే దిద్దండి. ముందు ఆచమనం చేయించి, ముక్కు పట్టించి ప్రాణాయామం చేయిస్తారు. అంటే కాలం మాట ఎత్తే ముందు ఊపిరి ఆపించి మనిషిని నిలబెడతారు. ఆ తర్వాత ఈ కాలం విష్ణువు ఆజ్ఞతో నడుస్తోందని చెప్పిస్తారు. అప్పుడు వస్తుంది 'అద్య' అన్న మాట, ఇవాళ అని. ఎవరి ఇవాళ అది? మనది కాదు, బ్రహ్మది. 432 కోట్ల ఏళ్ళు ఆయనకి ఒక పగలు. ఆయన నూరేళ్ళ ఆయుష్షులో సగం గడిచిపోయిందట, రెండో సగం నడుస్తోందట. బ్రహ్మగారికీ యాభై దాటాయన్నమాట! ఆ రెండో సగంలో మొదటి పగలు శ్వేతవరాహ కల్పం. అందులోని పద్నాలుగు మన్వంతరాల్లో ఏడోది వైవస్వతం. అందులో కలియుగం, ఆ కలియుగంలో మొదటి పాదం. 4,32,000 ఏళ్ళ కలియుగంలో మనకి గడిచినవి ఐదువేల చిల్లరే కాబట్టి ఇంకా మొదటి మెట్టు మీదే ఉన్నాం.

తర్వాత స్థలం. జంబూద్వీపం, భరతఖండం, మేరువుకి దక్షిణం. అక్కడి నుంచి గబగబా దిగి మన ఊళ్ళోకి వచ్చేస్తుంది. శ్రీశైలానికి మేం ఈశాన్యం, హైదరాబాదు వాళ్ళు వాయవ్యం. ఏ రెండు నదుల మధ్య ఉన్నామో చెప్పాలి. చివరికి ఇల్లు కూడా వదలరు. సొంత ఇల్లయితే స్వగృహమనీ, అద్దె ఇల్లయితే వసతి గృహమనీ చెప్పుకోవాలని మా పుస్తకంలో బ్రాకెట్లో ఉంది. ఇరవై రెండేళ్ళు అద్దె కొంపల్లో ఉన్నవాణ్ణి, ఆ బ్రాకెట్ చూస్తే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది. బ్రహ్మ ఆయుష్షు దగ్గర మొదలుపెట్టిన మాట వచ్చి వచ్చి ఇంటి ఓనరు దగ్గర ఆగింది.

ఆ తర్వాతే చుక్కలు. సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, పక్షం, తిథి, వారం, నక్షత్రం. ఆ పైన గోత్రం, పేరు. కోట్ల ఏళ్ళ నుంచి జారుకుంటూ వచ్చిన కాలం అంతా, ఈ పీట మీద బాసింపట్టు వేసుక్కూర్చున్న ఒక్క మనిషి పేరు మీదకి వచ్చి వాలుతుంది. ఇంత పెద్ద కాలంలోంచి ఈ పూట నీది, తీసుకో అని చేతిలో పెట్టినట్టుంటుంది నాకు. మీరు ఆ మొత్తాన్ని నలభై సెకన్లలో దాటిస్తారు. మేం 'మమ' అంటాం.

'మమ అనిపించడం' అంటే మన భాషలో ఏమిటో మీకు వేరే చెప్పాలా? ఏదో అయిందనిపించడం. నాది అని అర్థం వచ్చే మాటకి ఆ గతి పట్టించింది మనమే.

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసింది కాదు. నేర్పింది మా నాన్నగారు. అదీ ఆయన అన్నీ మర్చిపోతున్న రోజుల్లో.

ఆయన పోస్టుమాస్టరుగా చేశారు. రోజూ పొద్దున్నే ఆఫీసు తెరవగానే తేదీ ముద్రలో ఇనప అంకెలు మార్చి, ఒక పుస్తకంలో ముద్ర వేసి సరిచూసుకున్నాకే మిగతా పని. సెలవుల్లో నేను వెళితే నా అరచేతి మీద ఒక ముద్ర పడేది. అలా ముప్ఫై ఏళ్ళకి పైగా తన చేత్తో తేదీలు మార్చిన మనిషి. పదవీ విరమణ తర్వాత మతిమరుపు తాళంచెవులతో మొదలై, మనవల పేర్ల దాకా వచ్చింది. 2018లో ఒక పెద్ద డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఒక ప్రశ్నల కాగితం ముందు పెట్టుకున్నారు. 1975లో అమెరికాలో తయారైన పరీక్ష అది, ప్రపంచమంతా వాడతారు. మొత్తం ముప్ఫై మార్కులు. అందులో మొదటి పది, కాలమూ చోటూ తెలుస్తున్నాయా లేదా అన్నదానికి.

ఇది ఏ సంవత్సరం అని అడిగారు డాక్టరుగారు.

నాన్నగారు నా వైపు చూశారు. తర్వాత కళ్ళు మూసుకుని, "విళంబి" అన్నారు.

ఇప్పుడు ఏ కాలం నడుస్తోందండీ?

"శరదృతువు."

నెల?

"కార్తికం."

తేదీ?

"తేదీ..." అని ఆగిపోయారు. కుడిచేతి బొటనవేలు మిగతా వేళ్ళ కణుపుల మీద తిరిగింది. "బహుళ పంచమి."

డాక్టరుగారు తెలుగువారే, మర్యాదస్తులు. నవ్వి, పెన్ను పట్టుకుని, మార్కు వెయ్యాలా వద్దా అన్నట్టు నన్ను చూశారు. నేను ఫోన్ తీసి పంచాంగం చూశాను. బహుళ పంచమే.

ఎన్ని మార్కులు వేశారో నేను అడగలేదు. ఊరు చెప్పగలిగారు, ఏ అంతస్తులో ఉన్నామో చెప్పలేకపోయారు. ఇంటికొచ్చాక ఆ ప్రశ్నలే చెవుల్లో తిరిగాయి. సంవత్సరం, ఋతువు, మాసం, తిథి, వారం. దేశం, ప్రాంతం, ఊరు, గృహం. డాక్టరు అడిగినవీ సంకల్పంలో ఉన్నవీ దాదాపు అవే! మనిషి స్పృహలో ఉన్నాడా లేడా అని వైద్యుడు పరీక్షించే ప్రశ్నలకి, మన ఇళ్ళల్లో జనం పీట మీద కూర్చున్నప్పుడల్లా జవాబు చెబుతున్నారు. అడగకముందే చెబుతున్నారు. కాకపోతే మీరు చెబితే, అర్థం తెలియకుండా, ఫోన్ చూసుకుంటూ. ఆ పరీక్ష ఇవాళ మాలో పీట మీద కూర్చున్నవాళ్ళకి పెడితే ఎంతమందిమి గట్టెక్కుతామో నాకు అనుమానమే.

ముప్ఫై ఏళ్ళు ఇనప అంకెలతో మార్చిన తేదీ ఆయనలో నిలవలేదు. రోజూ పూజలో కూర్చుని, చుక్కలు పూరించుకుంటూ నోటితో చెప్పుకున్న తిథి నిలిచింది. ఇది వైద్యం కాదు, సంకల్పం చెప్పుకుంటే మతిమరుపు రాదని ఎవరికీ చెప్పకండి. మా నాన్నగారికి తర్వాత తిథీ పోయింది, నా పేరూ పోయింది. కొన్ని నెలలు సంవత్సరం అడిగితే 'రుధిరోద్గారి' అనేవారు. అది 1983-84. ఆ ఏడు ఆయనకి ఏమంత ముఖ్యమో ఇంట్లో ఎవరం కనిపెట్టలేకపోయాం. చివరి రోజుల్లో మాటలే లేవు. అయినా పొద్దున్నే పంచపాత్ర ముందు పెడితే చెయ్యి చాపేవారు. ఉద్ధరిణితో నీళ్ళు పోస్తే, వేళ్ళ చివర్ల నుంచి పళ్ళెంలోకి వదిలేవారు. ఏ సంవత్సరమని వదిలారో, ఏ తిథి అని వదిలారో ఆయనకే తెలియాలి. ముఖం మాత్రం తేటగా ఉండేది. వికారిలో కాలం చేశారు.

నీళ్ళొదులుకోవడం అంటే వాడుకలో ఆశ వదులుకోవడం. ఆ బాకీకి నీళ్ళొదులుకున్నాం అంటాం. పీట మీద మాత్రం నీళ్ళు వదిలాకే పని మొదలవుతుంది. ఈ రెంటికీ ఎక్కడ పొత్తు కుదిరిందో పెద్దలు చెప్పాలి. నాకు మాత్రం మా నాన్నగారి వేళ్ళు చూశాక అవి రెండూ ఒకటే అనిపించింది. నిన్నటికీ రేపటికీ నీళ్ళొదిలితే తప్ప ఈ పూట చేతికి రాదు.

ఇక మన హడావిడి సంగతి. తప్పు మీ ఒక్కరిదే అంటే కళ్ళు పోతాయి. శ్రావణ శుక్రవారం నాడు ఒక్కొక్కరు ఎన్ని గుమ్మాలు తొక్కుతారో నాకు తెలుసు. మాఘమాసం పెళ్ళిళ్ళలో రాత్రి ముహూర్తం ఒక ఊళ్ళో, తెల్లవారుజాము ముహూర్తం ఇంకో ఊళ్ళో, మధ్యలో బస్సు. పైగా "పంతులుగారూ, షార్టుగా కానిచ్చెయ్యండి, పదింటికి మీటింగుంది" అనేది మేమే. గోత్రం ఏమిటని మీరడిగితే వంటింటి వైపు తిరిగి "అమ్మా, మన గోత్రం ఏంటే" అని కేకేసేదీ మేమే. దమ్మిడీ ఆదాయం లేదు, క్షణం తీరిక లేదన్న సామెత ఉంది గదా. ఇప్పుడు ఆదాయం వచ్చింది, తీరిక మాత్రం రాలేదు.

మొన్న ఒక పెళ్ళిలో చూశాను. లగ్నం నిమిషాలతో సహా శుభలేఖలో వేశారు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం కోసం నెలల తరబడి వెతికి, ఇద్దరి జాతకాలూ చూసి, ఆ నిమిషం పట్టారు. అడ్డుతెర అటు పెళ్ళికొడుకు, ఇటు పెళ్ళికూతురు. బాజాలు ఊపందుకున్నాయి. చేతులు తలల మీదకి వెళ్ళాయి. వీడియో కుర్రాడు చెయ్యెత్తి, "ఒక్క నిమిషం, చెయ్యి అడ్డొచ్చింది, మళ్ళీ పెట్టండి" అన్నాడు. మళ్ళీ పెట్టారు. అసలు ముహూర్తం ఎవరి తల మీద పడిందో మరి! నలుగురం నవ్వుకున్నాం, నేనూ నవ్వాను. భోజనాల దగ్గర మాత్రం అది గుర్తొచ్చి ముద్ద దిగలేదు. గడియ అంటే ఇరవై నాలుగు నిమిషాలు. తలుపుకి వేసేదీ గడియే. వెయ్యాల్సిన వేళకి తలుపు వేసుకోకపోతే అది వట్టి ఇనపకడ్డీ.

ఉగాది పంచాంగ శ్రవణానికి కూడా ఏటా వెళతాను. రాశిఫలాలు మొదలవగానే హాలంతా నిశ్శబ్దం. ఆదాయం ఎంత, వ్యయం ఎంత, రాజపూజ్యం ఎంత, అవమానం ఎంత అని చీటీల మీద రాసుకుంటారు. రేపు ఏమవుతుందో అన్నదానికి అంత చెవి ఒగ్గే జనం, ఇవాళ ఏమిటి అని మీరు చెబుతుంటే పక్కవాడితో మాట్లాడతారు. రాహుకాలం ఎప్పుడో, వర్జ్యం ఎప్పుడో ప్రతివాడికీ కావాలి. అంటే రోజులో భయపడాల్సిన వేళలు తెలుసు. చేతికి అందిన వేళ ఏదో తెలియదు. ఈ మాట కొంచెం కటువుగా ఉంటే క్షమించండి.

యూట్యూబు పూజలు ఇంకో తమాషా. మా ఎదురు ఫ్లాట్లో ఒక ఆవిడ వినాయక చవితికి ఫోను పీట పక్కన పెట్టుకుని పూజ చేసుకుంటుంది. గొంతు బాగుంది, ఉచ్చారణ బాగుంది. కానీ ఆ రికార్డింగు కరోనా ఏడాది చేసింది. ఇప్పటికీ ప్రతి చవితికీ ఆ ఇంట్లో శార్వరి నామ సంవత్సరమే. నేను చెబితే ఆవిడ నాలిక కరుచుకుని, "దేవుడికి తెలీదా అన్నయ్యగారూ, ఇది ఏ ఏడో" అంది. నిజమే, దేవుడికి తెలుసు. చుక్కలు దేవుడి కోసం పెట్టలేదమ్మా, మన కోసం పెట్టారు అందామనుకుని, పండగపూట ఎందుకులే అని ఉండ్రాళ్ళు తీసుకుని వచ్చేశాను.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడి పురోహితుడు జంబూద్వీపం బదులు క్రౌంచద్వీపం అని చెప్పిస్తాడు. మొదట విని నవ్వాను, తర్వాత గౌరవం కలిగింది. నువ్వు నిలబడిన నేల పేరు చెప్పు, వదిలొచ్చిన నేల పేరు కాదు అంటున్నాడాయన. తిథి కూడా అక్కడ లెక్క మారుతుంది. చంద్రుడు సూర్యుడి నుంచి పన్నెండు డిగ్రీలు జరిగితే ఒక తిథి. అది ముగిసే క్షణం భూమి అంతటికీ ఒకటే, సూర్యోదయం మాత్రం ఎక్కడిదక్కడే. అందుకని తాతగారి తిథి ఒక్కో ఏడు వాడికి మాకంటే ఒక తేదీ ముందే వస్తుంది. "నాన్నా, మాకు ఇవాళే" అని ఫోన్ చేస్తాడు. అమెరికాకి వెళ్ళి వాడు చుక్కలు పూరించడం నేర్చుకున్నాడు. ఇక్కడున్నన్నాళ్ళూ నేర్చుకోలేదు.

మా వీధి చివర టైలరు షాపు ఆయన రంజాన్ నెలలో సాయంత్రం మిషను ఆపి, అరచేతిలో ఒక ఖర్జూరం పెట్టుకుని కూర్చుంటాడు. ఎదురుగా గోడకి నిమిషాల పట్టిక. అజాన్ వినిపించేదాకా ఆ పండు చేతిలోనే ఉంటుంది. పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి, ఆ చివరి రెండు నిమిషాలు ఏ తొందరా లేకుండా కూర్చుంటాడు. నేను ఒకసారి లాల్చీ కొలత మార్చమని వెళ్ళి, మాట్లాడకుండా బెంచీ మీద కూర్చుండిపోయాను. మా ఇంట్లో చేతిలో నీళ్ళు పట్టుకున్నప్పుడు నాకు అలా కూర్చోవడం ఎందుకు రాదా అనుకున్నాను.

ఒకే ఒక్కసారి వచ్చింది. నేను 1965లో పుట్టాను, విశ్వావసులో. అరవై పేర్లూ ఒక చుట్టు తిరిగి మళ్ళీ ఆ పేరు రావడానికి అరవై ఏళ్ళు పట్టింది. పోయిన మార్గశిరంలో పిల్లలు షష్టిపూర్తి చేశారు. మా అమ్మకి ఎనభై నాలుగు, చక్రాల కుర్చీలో పక్కన కూర్చోబెట్టాం. చేయించిన పురోహితుడు చిన్నవాడు, ముప్ఫై కూడా ఉండవు. సంకల్పం చెబుతూ, సంవత్సరం దగ్గరికి వచ్చి ఆగాడు. "మామ్మగారూ, ఈ పేరు మీరు చెప్పండి" అన్నాడు. నాకు అర్థం కాలేదు. అమ్మకి అర్థమైంది.

"విశ్వావసు" అంది. అని, కాసేపాగి, "వీడి బారసాలనాడు విన్నాన్రా ఈ పేరు. బియ్యంలో రాయించారు వీడి పేరు, ఉంగరంతో" అంది.

నా దోసిట్లో నీళ్ళున్నాయి. వెనకాల ఎవరిదో ఫోను మోగింది, ఎవరో కట్టేశారు. ఈ పేరు ఇంకోసారి వినాలంటే నాకు నూట ఇరవై ఏళ్ళు రావాలి. అమ్మ ముఖం చూస్తుంటే బ్రహ్మ ఆయుష్షూ, కల్పాలూ, మన్వంతరాలూ ఎందుకు చెప్పిస్తారో మొదటిసారి తెలిసొచ్చింది. అంత పెద్ద లెక్క చెబితే గానీ ఈ ఒక్క పూట ఎంత అపురూపమో కంటికి ఆనదు. ఆ కుర్రాడు గడియారం వైపు చూడలేదు. తర్వాత నాతో, "నాకు ఇంకో ఇల్లుంది బాబాయిగారూ, అయినా ఫర్లేదు, వాళ్ళకి పది నిమిషాలు ఆలస్యమని చెప్పాను" అన్నాడు.

అందుకే ఈ ఉత్తరం. ఆ కుర్రాడు చేసింది మీరందరూ చెయ్యండని అడుగుతున్నాను. సంకల్పం మొదలుపెట్టే ముందు ఫోన్లు పక్కన పెట్టించండి, మీరు చెబితే వింటారు. కల్పం, మన్వంతరం, యుగం ఏమిటో ఒకసారి తెలుగులో రెండు ముక్కలు చెప్పండి. పీట మీద చిన్నపిల్లలుంటే ఊరి పేరూ నది పేరూ వాళ్ళచేత అనిపించండి. చుక్కలు వచ్చినచోట మీరు పూరించెయ్యకండి, మమ్మల్ని అడగండి. మాకు తెలియక నీళ్ళు నమిలితే నమలనివ్వండి. పేరు దగ్గరికి వచ్చాక ఒక్క ఊపిరి పట్టేంత సేపు ఆగి, అప్పుడు నీళ్ళు వదలమనండి. మిగతా మంత్రాలు మీ ఇష్టం, పరుగెత్తించినా నేను నోరెత్తను.

వచ్చే నెలలో మా నాన్నగారి తద్దినం, బహుళ ద్వాదశి. మా ఇంటికి వచ్చే పెద్దాయనకి ఈ మాటే చెప్పాను. మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేకపోతున్నారు, లిఫ్టు దగ్గర నిలబడి విన్నారు. పదకొండున్నరకి వన్ టౌన్‌లో ఇంకో ఇంటికి వెళ్ళాలట. సరే, అయితే తొమ్మిదికి బదులు ఎనిమిదిన్నరకే వస్తాను, మడిబట్ట ఆరేసి ఉంచండి అన్నారు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, "సంవత్సరం పేరు మీరే చెప్పాలి, నేను అందివ్వను సుమండీ" అన్నారు.

ఇట్లు,
శ్రీశైలానికి ఈశాన్యాన, కృష్ణ ఒడ్డున, ప్రస్తుతం స్వగృహంలో ఉంటున్న
ఒక గృహస్థు